సారు పేరిట మెడల్

టీకే సార్ రిటైరైన ఎండాకాలం మా ఇంట్లో ఫోను ఒక్క పూట ఊరుకోలేదు. అన్నం ముందు కూర్చుంటే మోగేది, ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే మోగేది. ఎత్తితే అవతల ఎవరో పాత స్టూడెంటు. తన పేరు చెప్పేలోపే మా ఆయన గొంతు గుర్తుపట్టేవాడు. ఊరు చెప్పేవాడు, ఫీల్డ్ ట్రిప్పులో ఆ పిల్లవాడు ఏ గుట్ట మీద కాలు జారి పడ్డాడో చెప్పి నవ్వించేవాడు. ఆ నవ్వులయ్యాక అసలు సంగతి మొదలయ్యేది. టీకే సార్ పేరు మీద యూనివర్సిటీలో ఎండోమెంట్ పెడుతున్నాం, నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యాలి అని.

టీకే సార్ అంటే త్రికోటేశ్వరరావు గారు. నరసరావుపేటలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న పీజీ సెంటరులో జియాలజీ ప్రొఫెసరు. మా ఆయన జయరాజు ఆయన దగ్గరే ఎమ్మెస్సీ చదివాడు, ఆయన దగ్గరే పీహెచ్‌డీ చేశాడు, ఆ డిపార్ట్‌మెంటులోనే గెస్ట్ లెక్చరరుగా చేరాడు. నోటిఫికేషన్ పడితే పర్మనెంటు అవుతుందనుకుంటూ చేరినవాడు, చెవుల పక్క జుట్టు తెల్లబడినా గెస్టుగానే ఉన్నాడు. చెప్పిన గంటలకే జీతం. సెలవుల్లో ఏమీ ఉండదు. జూన్‌లో మళ్ళీ కొత్త ఆర్డరు రావాలి. ప్రతి ఏడూ వచ్చేది. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఇద్దరిదీ కలిపితే ఇల్లు గడిచేది.

సారుకీ మాకూ రాకపోకలుండేవి. సారు భార్య రాజేశ్వరమ్మ గారు ఇంట్లో నీచు వండనివ్వరని, ఆదివారాలు మేము చర్చి నుంచి వచ్చే వేళకు సారు మా ఇంటికి వచ్చేవారు. చేపల పులుసు చేస్తే ముల్లు కూడా వదలకుండా తినేవారు. తిన్నాక మా ఆయనా ఆయనా వరండాలో రాళ్ళ గురించీ, నీళ్ళ గురించీ, ఎక్కడో కొత్తగా తెరిచిన క్వారీ గురించీ మాట్లాడుకునేవాళ్ళు. మా అమ్మాయి షారోను ఆయన్ని తాతగారూ అనేది.

ఎండోమెంట్ మాట ముందు తెచ్చింది సందీప్. అతనూ పాత స్టూడెంటే, మాచర్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వినుకొండ దగ్గర గురుకులంలో టీచరుగా ఉన్న సయీదాని వెంటబెట్టుకుని మార్చి నెలలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. శాలువాలు, బొకేలు మర్నాటికి ఎటో పోతాయి, అట్టా కాకుండా ఎప్పటికీ నిలిచేది చేద్దామనుకుంటున్నాం సార్ అన్నాడు. పాత స్టూడెంట్లందరూ తలా కొంత వేసి యూనివర్సిటీకి కడితే, వాళ్ళు దాన్ని డిపాజిట్ చేసి, వచ్చే వడ్డీతో ఏటా జియాలజీలో ఫస్టు వచ్చినవాళ్ళకి టీకే సార్ పేరు మీద గోల్డ్ మెడల్ ఇస్తారట. సారు ముందు వద్దన్నారట. నాకెందుకురా మెడళ్ళూ అన్నారట. తర్వాత, పిల్లలకు ఇచ్చేదైతే సరేనన్నారట.

"అందరి నంబర్లూ మీ కాడే ఉన్నయ్ సార్," అంది సయీదా. "మేం ఫోన్ చేస్తే చూద్దాంలే అంటారు. మీరు చేస్తే కాదనరు."

మా ఆయన ఆలోచించను కూడా లేదు. వాళ్ళు వెళ్ళాక నేను కొంచెం గొణిగాను. ఈ ఎండల్లో స్కూటరు మీద ఊళ్ళన్నీ తిరుగుతారా, ఆ పనేదో సందీప్ చేయకూడదా అన్నాను.

"సారు లేకపోతే నేను పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ కాడ ఉండేవాణ్ణి ప్రేమా," అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ ఆ సంగతి చెప్పడు.

ఇక తిరుగుడు మొదలైంది. క్లాసులు లేని రోజున గురజాల, ఇంకో రోజున దాచేపల్లి, సెలవొస్తే విజయపురి సౌత్. కొందరు ఫోన్లోనే పంపేస్తామన్నా ఊరుకోడు, చూసి చానాళ్ళయింది, ఒకసారి వస్తాను అనేవాడు. ఖాళీ చేతులతో ఎప్పుడూ తిరిగి రాలేదు. స్కూటరు ముందు సంచీలో ఒకసారి ఎండు మిరపకాయలు, ఒకసారి మునక్కాయలు, ఒకసారి ఎవరి దొడ్లోవో నిమ్మకాయలు. ఎవరో ఒకరి ఇంట్లో తిని వచ్చేవాడు. ముఖం ఎండకు కమిలిపోయి ఉండేది గాని, పెళ్ళయిన కొత్తలో తప్ప ఆ మనిషిని అంత హుషారుగా నేను చూడలేదు.

మాచర్లకు నన్నూ తీసుకెళ్ళాడు. అక్కడ జాన్ సాహెబ్ అని పాత స్టూడెంటు, మేడమ్‌ని తీసుకురాకపోతే డబ్బులివ్వనని పట్టుబట్టాడట. బస్సులో వెళ్ళాం. ఊరి బయట నాపరాళ్ళు పాలిష్ పట్టే యూనిట్ అతనిది. మేము వెళ్ళేసరికి రంపం రాయిని కోస్తోంది. ఒకటే రొద. బూడిదరంగు నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి. మమ్మల్ని చూడగానే మిషను ఆపించి, మోచేతుల దాకా అంటిన రాతిపిండితోనే వచ్చి నమస్కారం పెట్టాడు.

షెడ్డు పక్కనే ఇల్లు. అతని భార్య బగారన్నం వండింది. తింటున్నంతసేపూ జాన్ సాహెబ్ నాకు మా ఆయన సంగతులే చెప్పాడు. సాగర్ దగ్గర ఫీల్డ్ ట్రిప్పులో తనకు వడదెబ్బ తగిలి పడిపోతే, బస్సు ఉన్న చోటిదాకా వీపు మీద మోసుకొచ్చాడట. దారంతా ఆ కొండ ఏ రాయి, ఈ కొండ ఏ రాయి అని అడుగుతూనే ఉన్నాడట, నిద్ర పోనివ్వకుండా.

"ఇప్పటికీ ఏదన్నా రాయి కోస్తుంటే సారు అడిగినట్టే ఉంటది మేడమ్," అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "టీకే సార్‌కి మెడల్ పెడతన్నాం, చానా సంతోషం. మరి మీ ఫంక్షన్ ఎప్పుడు సార్?" అన్నాడు.

మా ఆయన నవ్వాడు. "గెస్టుకి ఫంక్షనేంది జానూ. చుట్టపుచూపుకి వచ్చినోణ్ణి, పొమ్మన్నప్పుడు పోవడమే."

జాన్ సాహెబ్ నవ్వలేదు. టీకే సార్ పాఠం చెప్తుంటే భయమేసేది, మీరు చెప్తే అర్థమయ్యేది అన్నాడు. మా ఆయన వెంటనే అడ్డు చెప్పాడు. నేను చెప్పిందంతా సారు దగ్గర నేర్చుకున్నదే, ఆ మాట ఇంకెక్కడా అనకు అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటి గుట్టల్నే చూశాడు. కాని అలిగిన మనిషి ముఖంలా లేదు అది.

ఏప్రిల్ ఆఖర్లో, పరీక్షలైపోయిన వారంలో అనుకుంటాను, ఒక రోజు మధ్యాహ్నమే కాలేజీ నుంచి వచ్చాడు. చెప్పులు విడిచి, లోపలికి రాకుండా వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే తాగి గ్లాసు చేతిలో పట్టుకునే ఉన్నాడు. ఏమైందంటే ఎండ అన్నాడు.

ఆ తర్వాత రెండు తేడాలొచ్చాయి మా ఇంట్లో. షారోను టెన్త్ పాసయింది, ఊళ్ళోనే ఇంటర్‌లో చేర్పిద్దామని ముందే అనుకున్నాం. కాలేజీ వాళ్ళు ఫోన్ చేస్తుంటే మా ఆయన కొన్నాళ్ళు ఆగుదాం అన్నాడు. రెండోది, సారు ఆదివారాలు రావడం మానేశారు. పెన్షన్ కాగితాల పని మీద తిరుగుతున్నారులే అన్నాడు మా ఆయన. మొదటి ఆదివారం నేను చేపలు తెచ్చి, ఎదురుచూసి, మిగిలింది పక్కింట్లో ఇచ్చాను. తర్వాత తేవడం మానేశాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. రిటైరయ్యే మనిషి మనసు బాగుండదు కదా అనుకున్నాను.

చందాల తిరుగుడు మాత్రం ఆగలేదు. ఇంకా ఎక్కువైంది. ఇచ్చేసినవాళ్ళ ఊళ్ళకు కూడా మళ్ళీ వెళ్ళేవాడు, ఫంక్షనుకు పిలవాలని. ఫోన్లో పిలిస్తే సరిపోదా అంటే, మొహం చూసి పిలిస్తే వస్తారు అనేవాడు.

ఫంక్షను మే నెల చివర్లో పీజీ సెంటరు హాల్లో జరిగింది. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పిల్లల్ని చంకలో వేసుకుని వచ్చినవాళ్ళు, జుట్టు ఊడిపోయినవాళ్ళు, డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చినవాళ్ళు. హాలు చాలక బయట షామియానా వేశారు. యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన వచ్చి, ఎండోమెంట్‌కి అనుమతి వచ్చిందని మైకులో చెప్పగానే చప్పట్లు. ఎక్కువ ఇచ్చినవాళ్ళను పేరు పేరునా స్టేజి మీదకు పిలిచి శాలువాలు కప్పారు. మా ఆయన స్టేజి మీద లేడు. మైకు వైరు ఊడిపోతే అతికిస్తూ, మజ్జిగ గ్లాసులు అందుతున్నాయో లేదో చూస్తూ, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు కుర్చీలు లాగుతూ ఉన్నాడు. వచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆయన దగ్గర ఆగి, చేతులు పట్టుకుని మాట్లాడి, తర్వాతే లోపలికి పోతున్నారు.

సారు మాట్లాడటానికి లేచారు. ఎప్పుడూ గంట మోగేదాకా ఆగకుండా చెప్పే మనిషి, ఆ రోజు నాలుగు మాటలకే తడబడ్డారు. తన గురువుల పేర్లు చెప్పారు, స్టూడెంట్లకు దండం పెట్టారు. "ఇంకో పేరు చెప్పాలి నేను," అని ఆగిపోయారు. సారు మా ఆయన నిలబడిన వైపు చూడలేదు, మైకు వైపే చూస్తున్నారు. "చెప్పలేను," అని కూర్చున్నారు. గుండె నిండిపోయింది సారుకి అనుకుని అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

భోజనాల దగ్గర రాజేశ్వరమ్మ గారు నన్ను పక్కకు పిలిచారు. పట్టుచీర, మెడలో ఎవరో వేసిన పూలదండ ఇంకా తీయలేదు. నా చెయ్యి పట్టుకుని అడిగారు.

"జయరాజుకి ఇంకెక్కడన్నా దొరికిందా అమ్మాయ్? ఆ కాగితం మీద సంతకం పెట్టిన కాణ్ణించి ఈయనకి అన్నం సయించట్లేదు."

ఏ కాగితం అని అడగబోయి ఆగాను. ఆవిడ నాకు తెలుసనే అనుకుంటున్నారు. తెలియదని చెప్పడం ఎందుకో అవమానమనిపించింది. చూస్తున్నారండీ, దొరుకుతుందిలెండి అన్నాను. ఆవిడ నిట్టూర్చారు. కోర్సు ఎత్తేసి మెయిన్ క్యాంపస్‌లో కలిపేస్తుంటే డిపార్ట్‌మెంటు హెడ్డుగా ఈయన ఏం చేస్తారు, జూన్ నుంచి ఇక్కడ క్లాసులే లేనప్పుడు గెస్టుల అవసరం లేదని రాసి పంపమంటే పంపారు అని, నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పుకొచ్చారు. నేను తలాడిస్తూ విన్నాను. విస్తట్లో పప్పు చల్లారిపోయింది.

భోజనాలయ్యాక మళ్ళీ హాల్లో చేరినప్పుడు సయీదా నా చేతికి మైకు ఇచ్చింది. సారు కుటుంబానికి దగ్గరివాళ్ళు రెండు మాటలు చెప్పాలని వరసగా ఇస్తున్నారు. లేచి నిలబడ్డాను. ఎదురుగా అంతమంది. వాళ్ళలో సగం మందికి ఇక్కణ్ణించి సారు ఒక్కరే కాదు, ఇద్దరు వెళ్ళిపోతున్నారని తెలిస్తే ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. స్టేజి మీద సారు నన్నే చూస్తున్నారు. తలుపు దగ్గర మా ఆయన మజ్జిగ జగ్గు పట్టుకుని, భార్య మాట్లాడబోతోందని ముఖం విప్పారేలా నవ్వుతున్నాడు.

"సారు మా ఇంటి మనిషి," అన్నాను. మైకు తిరిగి ఇచ్చేశాను. దానికీ చప్పట్లు కొట్టారు.

చివర్న వందన సమర్పణ మా ఆయనదే. ఏ కాగితమూ చూడకుండా ఒక్కరిని కూడా మరిచిపోకుండా అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు. వంటవాళ్ళకు కూడా. సారు ఫీల్డులో అరిచిన అరుపుల్ని అనుకరించి చూపిస్తే హాలు ఊగిపోయింది. సారు కూడా నవ్వారు. నవ్వుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ రోజు ఇంటికొచ్చాక నేనేమీ అడగలేదు. మర్నాడు పొద్దున, స్కూటరు కడుగుతుంటే దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"మీకెప్పుడు తెలిసింది?"

బట్ట బకెట్‌లో వేశాడు. నేనెలా తెలుసుకున్నానని కూడా అడగలేదు. ఏప్రిల్‌లో ఆఫీసు క్లర్కు చెప్పాడన్నాడు. సారు చెప్పలేదా అంటే, పాపం ఏమని చెప్తారు అన్నాడు.

"తెలిసి కూడా ఊళ్ళెంట తిరిగారా? ఆయన మెడల్ కోసమా?"

మడ్‌గార్డు మీద నీటి చుక్కలు వేలితో తుడిచాడు.

"పోయిన చోటల్లా నన్ను గుర్తుపట్టారు ప్రేమా. కూర్చోబెట్టి అన్నం పెట్టారు. నేను చెప్పిన పాఠాలు నాకే చెప్పారు. మామూలుగా పోతే ఏమని పోయేవాణ్ణి అన్ని ఇళ్ళకి? సారు పేరు చెప్పుకుని అందర్నీ చూసొచ్చాను."

అయినా సారు అలా రాసి పంపడం న్యాయమేనా అన్నాను. ఆయన చేతుల్లో ఏముంది అన్నాడు. కోర్సు పైనుంచి ఎత్తేశారు, ఉన్న సంగతి రాయక ఏం రాస్తారు, ఆయన స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ణి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ఎక్కడా చేదు లేదు. ఆ మనిషి నిజంగానే అలా నమ్ముతున్నాడని నాకు అర్థమైంది. నమ్మడం వల్లే నిలబడి ఉన్నాడని కూడా.

జూన్‌లో వినుకొండ వెళ్ళిపోయాం. సయీదా వాళ్ళ బంధువు అక్కడ పోటీ పరీక్షలకు కోచింగ్ సెంటరు నడుపుతాడు. కానిస్టేబుల్ పరీక్షకీ, గ్రూప్స్‌కీ వచ్చే పిల్లలకు జాగ్రఫీ చెప్పే పని. మిగతా వేళల్లో రైతులు పిలిస్తే వెళ్ళి, నేలలో నీళ్ళ జాడ చూసే మీటరు అద్దెకు తెచ్చి, దానితో బోరు ఎక్కడ వేయాలో చూసి చెప్పేవాడు. కొండ కింద రెండు గదుల ఇల్లు. షారోనును అక్కడే ఇంటర్‌లో చేర్చాం. స్నేహితులందరూ నరసరావుపేటలో ఉండిపోయారని కొన్నాళ్ళు ముభావంగా ఉంది. నేను మళ్ళీ కొత్త స్కూల్లో, కొత్తవాళ్ళ కింద, మొదటి నుంచి మొదలుపెట్టాను. సామాన్లు సర్దుకునే రోజున సారు వస్తారేమోనని మా ఆయన లారీని కాసేపు ఆపించాడు. రాలేదు.

ఆయన వచ్చింది వానలు పడ్డాక, ఒక ఆదివారం.

మేము చర్చి నుంచి వచ్చాం. మా ఆయన ఎవరో రైతు పిలిచాడని, మీటరు తడుస్తుందని ఇంట్లోనే ఉంచి, పొలం చూడ్డానికి వెళ్ళాడు. షారోను స్నేహితురాలింటికి పోయింది. సన్నగా జల్లు పడుతోంది. తలుపు దగ్గర చప్పుడైతే చూశాను. గొడుగు ముడిచి, కారుతున్న నీళ్ళు లోపల పడకుండా బయటికి పట్టుకుని నిలబడి ఉన్నారు సారు. మనిషి బాగా తగ్గిపోయారు. చొక్కా వేలాడుతోంది.

లోపలికి రమ్మన్నాను. కుర్చీ వేశాను. తుండు ఇచ్చాను. మా ఆయన గంటలో వస్తాడని, భోంచేసి వెళ్ళాలని చెప్పాను. సరేనన్నారు. గది చుట్టూ చూశారు. మూలన మీటరు పెట్టె ఉంటే దాని వంక చాలాసేపు చూశారు. రాజేశ్వరమ్మ గారు ఎలా ఉన్నారని అడిగాను, బాగుంది అన్నారు. నేను వంటింట్లోకి పోబోతుంటే పిలిచారు.

"అమ్మా ప్రేమా. జయరాజుని మెయిన్ క్యాంపస్‌కి తీసుకోమని అప్పుడే రాయగలిగేవాణ్ణి నేను. రాయలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. కోర్సు అక్కడికి మారుతున్నప్పుడు, ఇక్కడి మనిషిని కూడా అక్కడికి తీసుకోండి, ఇతని అనుభవం ఇదీ అని హెడ్డు సిఫారసు రాస్తే తీసుకునేవాళ్ళట. వేరే డిపార్ట్‌మెంటు హెడ్డు అలాగే రాసి తన దగ్గరి గెస్టును పంపించాడట. తీసుకున్నారట.

"రాద్దామనే కూర్చున్నా. అప్పుడే ఎండోమెంట్ ఫైలు కూడా పైకి పోయుంది. రెండూ ఒకే ఆఫీసరు టేబుల్ మీద. ఇది రాసి గొడవ పడితే అది ఆగిద్దేమోననిపించింది. పిల్లలు అంత కష్టపడి పోగు చేశారు, ఆగిపోతే ఎట్టా అనుకున్నా." తల దించుకుని అరచేతుల వంక చూసుకున్నారు. "పిల్లల కోసమని అనుకున్నా గాని, అది కాదు. నా పేరు కోసం."

బయట జల్లు రేకుల మీద చప్పుడు చేస్తోంది. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పేరు కోసం మా ఆయన ఎండలో తిరిగిన ఊళ్ళన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. ఒక మాట అనాల్సింది. తిట్టినా సరిపోయేది. క్షమించానన్నా సరిపోయేది. అందుకే ఆయన వచ్చారు. పులుసు అడుగంటుతోందేమో చూసొస్తానని లోపలికి వెళ్ళాను. పొయ్యి ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

తిరిగి వచ్చేసరికి ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నారు. బస్సుకు టైమైందన్నారు. అన్నం ఉడికింది, ఆయన వచ్చేస్తారు, కాసేపు ఉండండి సార్ అన్నాను.

"ఈ సంగతి వాడికి నేనే చెప్తానమ్మా. నువ్వు చెప్పమాక," అన్నారు. గొడుగు తెరుచుకుని సందు మలుపు తిరిగారు.

ఆయన వెళ్ళిన కాసేపటికే మా ఆయన వచ్చాడు. సారు వచ్చి వెళ్ళారనగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా బురద ప్యాంటుతోనే స్కూటరు తిప్పుకుని బస్టాండుకు పోయాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను. ఇప్పుడు చెప్తుంటారు, ఇప్పుడు ఈయన వింటుంటాడు అనుకుంటూ కూర్చున్నాను. విన్నాక ఏ ముఖంతో ఇంటికి వస్తాడోనని భయమేసింది. అయినా చెప్పేస్తే బాగుండుననే కోరుకున్నాను.

వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు. ముఖం వెలిగిపోతోంది.

బస్సు ఆలస్యమైందట. బస్టాండులో ఇద్దరూ టీ తాగారట. ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"ఏముంది, వానల గురించి. ఇక్కడ నీళ్ళు ఎంత లోతులో పడుతున్నయ్ అని అడిగారు. చెప్పా. ఈ వైపు బండ గురించి నాకు తెలియని సంగతి కూడా ఒకటి చెప్పారు." తల తుడుచుకుంటూ ఆగాడు. "బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నారు. ఏదో అనబోయారు. డ్రైవరు ఆగలా."

అన్నం పెట్టాను. ఆకలి మీద ఉన్నాడు, గబగబా తిన్నాడు. మధ్యలో ముద్ద పట్టుకుని, "ఆ వయసులో వానలో ఇంత దూరం వచ్చారు చూడు, నా కోసం," అన్నాడు.

"అవును, వచ్చారు," అన్నాను.

పులుసు బాగుందని ఇంకొంచెం వేయించుకున్నాడు.

సారు మళ్ళీ రాలేదు. ఫోన్లు మాత్రం ఉన్నాయి, పండక్కీ పబ్బానికీ. ఆ ఏడు మెడల్ మెయిన్ క్యాంపస్‌లో చదివే ఎవరో అమ్మాయికి ఇచ్చారు. ఫొటో గ్రూపులో పెడితే మా ఆయన మురిసిపోయి నాకు చూపించాడు. సారు ఆయనకు ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు తెలిసేది. నేనూ చెప్పలేదు. కోచింగ్ సెంటరు పిల్లలకూ, పొలాల్లో రైతులకూ మా ఆయన ఇప్పటికీ సారు గురించి చెప్తుంటాడు. ఇంట్లో ఆ మాటలు మొదలైతే, నేను ఏదో ఒక పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్తాను.